ఇంట్లో క్లౌన్ ఫిష్ పిల్లల్ని పెంచాలంటే: ఏ చేప, ఏ జత, ఏ మేత

క్లౌన్ ఫిష్ అనే ఈ తెల్ల చారల సముద్రపు చేప చేత గుడ్లు పెట్టించడం కష్టమేమీ కాదు. జత కుదిరి, తిండి బాగా పడుతూ, నీళ్లు నిలకడగా ఉంటే ఈరోజు కాకపోతే మరో నెలకైనా అవే పెడతాయి. పెట్టడం మొదలుపెడితే దాదాపు రెండు వారాలకోసారి పెడుతూనే ఉంటాయి. అసలు కష్టమంతా ఆ గుడ్లు పగిలిన రాత్రి నుంచి మొదటి పది రోజుల్లో ఉంటుంది. ఆ పది రోజులు పిల్లల నోట్లో ఏం పెడతారు, ఎవరు పెడతారు, ఎన్నిసార్లు పెడతారు అన్నది తేల్చుకున్నాకే ఏ చేప కొనాలో ఆలోచించడం మంచిది. చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు. ముందు అందమైన జత కొంటారు, గుడ్లు చూసి సంబరపడతారు, పిల్లలు పుట్టాక మేత కోసం పరుగులు పెడతారు. అప్పటికే ఆలస్యమైపోతుంది. పిల్లలు పుట్టిన మర్నాటికే తినాలి.

అందుకే ఈ పోలికలన్నీ ఆ పది రోజుల్ని దృష్టిలో పెట్టుకునే చేస్తున్నాను.

గుడ్ల నుంచి మొదలుపెట్టాలా, చిన్న చేపలు కొనాలా?

మీకు కావలసింది ట్యాంకులో పెరిగే క్లౌన్ ఫిష్‌లను చూసుకోవడమే అయితే, ట్యాంకులోనే పుట్టి పెరిగిన అంగుళం సైజు పిల్లల్ని కొనుక్కోవడం హాయి. అవి గుళికల మేత తింటాయి, ట్యాంకు జీవితానికి అలవాటుపడి ఉంటాయి. సముద్రంలో పట్టి తెచ్చినవాటికి వచ్చే రోగాలు వీటిలో చాలా తక్కువ. కొనేటప్పుడు ఒక్కటి చూడండి: దుకాణంలో మీ కళ్లముందే మేత వేయమనండి. ఎగబడి తింటే తీసుకోండి. మూలకు నక్కి ఊపిరి గబగబా తీస్తుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు.

గుడ్ల నుంచి పెంచాలన్న కోరిక ఉంది కానీ రోజుకు మూడు నాలుగుసార్లు ట్యాంకు దగ్గరికి వెళ్లే వీలు లేదు, మేత పెంచే బకెట్లు పెట్టుకునే చోటు లేదు అనుకుంటే, క్లౌన్ ఫిష్‌కు బదులు బంగాయ్ కార్డినల్ గురించి ఆలోచించండి. ఇండోనేషియాలోని సులవేసి పక్కన బంగాయ్ దీవుల దగ్గర మాత్రమే సహజంగా బతికే చేప ఇది. మగ చేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పొదిగాక కూడా పిల్లల్ని కొన్ని రోజులు నోట్లోనే దాచుకుంటుంది. అన్నీ కలిపితే నెల రోజులకు అటూ ఇటూ. ఆ కాలమంతా దాదాపు పస్తే ఉంటుంది. బయటికి వచ్చే పిల్లలు పెద్దవాటికి అచ్చు చిన్న నకలులా ఉంటాయి, మొదటి రోజు నుంచే ఆర్టీమియా (రొయ్య జాతికి దగ్గరైన చిన్న ఉప్పునీటి జీవి) పిల్లల్ని తింటాయి. రోటిఫర్లు (కంటికి చుక్కల్లా కనిపించే నీటి జీవులు), వాటికి మేతయ్యే ఆల్గే (సూక్ష్మ నాచు) అన్న మాటే లేదు. పిల్లల సంఖ్య మాత్రం పదుల్లోనే ఉంటుంది. 2007 నుంచి ఈ చేప అంతరించే ప్రమాదమున్న జాబితాలో ఉంది కాబట్టి ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లా సముద్రం నుంచి పట్టాల్సిన ఒక చేపను తగ్గిస్తుంది. మొదటిసారి ఉప్పునీటి చేప పిల్లల్ని పెంచాలనుకునే ఉద్యోగస్తులకు నేను ముందు చెప్పేది ఇదే.

వందల పిల్లలు కావాలి, ఆ కష్టం కూడా పడతాను అనుకునేవాళ్లే ఇక్కడి నుంచి చదవండి.

ఏ క్లౌన్ ఫిష్?

దుకాణాల్లో నీమో అని అమ్మేది ఎక్కువగా ఆసిలారిస్. మొదటి జతకు నా ఓటు దీనికే. నెమ్మదైన చేప, పెద్దయ్యాక కూడా పది సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎనభై లీటర్ల ట్యాంకులో ఒక జత సుఖంగా ఉంటుంది. సముద్రపు సంతతే అయినా ట్యాంకుల్లో కొన్ని తరాలు గడిచిన చేపలు దొరకడం ఇందులోనే తేలిక.

దాదాపు అలాగే కనిపించే పెర్క్యులా ఆస్ట్రేలియా ఉత్తరం, పాపువా న్యూగినీ వైపు సముద్రాలది. తెల్ల చారల అంచున నల్లరంగు మందంగా ఉంటుంది, నారింజ రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. ధర ఎక్కువ. పెంపకంలో పెద్ద తేడా లేదు కాబట్టి అనుభవం వచ్చాక దీనికి మారవచ్చు.

క్లార్కీ, టొమాటో రకాలు గట్టి పిండాలు. గుడ్లు ఎక్కువ పెడతాయి, పిల్లలూ కాస్త మొండిగా బతుకుతాయి. కానీ పెద్దవి పదిహేను సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, గుడ్లున్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెడితే కరుస్తాయి. మన మన్నార్ సింధుశాఖలో దొరికే సెబే కూడా ఇంచుమించు ఈ కోవదే. మెరూన్ క్లౌన్ చూడటానికి ఎంత గంభీరంగా ఉన్నా ఇంట్లో పిల్లల కోసం వద్దు. ఆడది మగదానికంటే ఎంతో పెద్దది, జత కుదరకపోతే మగదాన్ని చంపే దాకా వదలదు.

స్నోఫ్లేక్, పికాసో, బ్లాక్ ఐస్ లాంటి డిజైనర్ రకాల సంగతి వేరు. వాటి పిల్లలకు గిరాకీ ఉంటుంది, కానీ ప్రతి పిల్లా తల్లిదండ్రుల్లా రాదు. పిల్లల్ని బతికించడం చేతనయ్యాక వాటి జోలికి వెళ్లండి.

కుదిరిన జతా, రెండు చిన్నవా?

క్లౌన్ ఫిష్‌లో ఆడా మగా తేడా పుట్టుకతో రాదు. పిల్లలన్నీ మొదట మగవే, ఇంకా పక్వానికి రానివి. గుంపులో అన్నిటికంటే పెద్దదీ బలమైనదీ ఆడదవుతుంది, రెండోది మగదిగా మిగులుతుంది. ఆడది చచ్చిపోతే మగదే ఆడదిగా మారుతుంది, కానీ ఆడది తిరిగి మగది కాలేదు. ఈ ఒక్క విషయం తెలిస్తే జత ఎలా ఎంచుకోవాలో సగం తెలిసినట్టే: రెండు పెద్ద చేపల్ని ఎప్పుడూ కలపకండి, రెండూ ఆడవే కావచ్చు.

సైజులో తేడా ఉన్న రెండు చిన్న పిల్లల్ని కొంటే జత దాదాపు ఎప్పుడూ కుదురుతుంది, డబ్బూ మిగులుతుంది. కానీ గుడ్ల కోసం ఏడాది నుంచి రెండేళ్ల దాకా ఆగాలి. ఇప్పటికే గుడ్లు పెడుతున్న జతకు ధర బాగా ఎక్కువ, కొత్త ట్యాంకులో సర్దుకోవడానికి దానికీ కొన్ని నెలలు పట్టొచ్చు. నాకైతే చిన్న పిల్లల దారే నచ్చుతుంది. ఆ ఏడాదిలో మీరు ఉప్పునీళ్లూ రోటిఫర్లూ నేర్చుకుంటారు. జత కుదిరిందో లేదో కనిపెట్టడం కష్టం కాదు. చిన్నది పెద్దదాని ముందుకొచ్చి పక్కకు వాలి ఒళ్లంతా వణికిస్తుంది. అంటే నీ మాటే నా మాట అని ఒప్పుకున్నట్టు. రాత్రిళ్లు రెండూ ఒకే మూలన పడుకుంటే ఇక మీరు చేయాల్సింది మంచి తిండి పెట్టడమే.

సముద్రంలో ఈ చేపలు ఆశ్రయం తీసుకునే పువ్వులాంటి జీవి ఎనిమోన్ ఉండాలా అంటే అక్కర్లేదు. పక్కకు పడుకోబెట్టిన చిన్న మట్టికుండీ గానీ, వాలుగా నిలబెట్టిన పెంకు లాంటి టైల్ ముక్క గానీ చాలు. పైగా ఇది మనకే మంచిది. గుడ్లతో సహా బయటికి తీయడానికి వీలుగా ఉంటుంది. రాతి మీద పెడితే ఆ రాతిని కదపలేం.

నీళ్లు: సముద్రం దగ్గరున్నవాళ్లు, దూరంగా ఉన్నవాళ్లు

హైదరాబాద్, వరంగల్ వైపు వాళ్లకు వేరే దారి లేదు. ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవాలి. వంటింటి ఉప్పుతో, రాళ్ల ఉప్పుతో ఆ పని జరగదు. ఖర్చవుతుంది కానీ ప్రతిసారీ ఒకేలాంటి నీళ్లు వస్తాయి. పిల్లల ట్యాంకు చిన్నది కాబట్టి ఉప్పు ఖర్చు మీరు భయపడేంత ఉండదు.

విశాఖ, కాకినాడ, చీరాల, నెల్లూరు వైపు వాళ్లకు సముద్రపు నీళ్లు అందుబాటులో ఉన్నాయి, కానీ వానాకాలం తర్వాత జాగ్రత్త. నదుల నీళ్లు కలిసి మన తీరంలో ఉప్పదనం పడిపోతుంది. గోస్తని కలిసే భీమిలి దగ్గర ఒక పూటకు ఒకలా ఉండొచ్చు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ లేకుండా బిందె ముంచకండి. తెచ్చిన నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రోజు గాలి కొట్టించి, హైపో (సోడియం థయోసల్ఫేట్) వేసి క్లోరిన్ తీసేశాకే వాడండి. రొయ్య హేచరీలో పనిచేసినవాళ్లకు ఈ పద్ధతి చేతికి అలవాటైనదే. తీరంలో ఉన్నవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది: ఆర్టీమియా గుడ్ల డబ్బాలు, గాలిని బుడగలుగా చేసే ఎయిర్ స్టోన్లు, సన్నని వల గుడ్డలు హేచరీలకు సరుకు అమ్మే దుకాణాల్లోనే దొరుకుతాయి.

పెద్ద చేపలకు 26 నుంచి 28 డిగ్రీల వేడి, పీహెచ్ 8.1 నుంచి 8.3 ఉంటే చాలు. అంకెను సరిగ్గా పట్టుకోవడం కంటే అది రోజూ అలాగే ఉండటం ముఖ్యం.

గుడ్లు పగిలే రాత్రి: కుండీ తీయాలా, పిల్లల్ని పట్టాలా?

గుడ్లు పెట్టిన రోజు నారింజ రంగులో, ఒక్కోటి రెండు మిల్లీమీటర్ల పైన పొడవుతో నిలబడి ఉంటాయి. మగది రెక్కలతో విసురుతూ, నోటితో తుడుస్తూ కాపలా కాస్తుంది. మూడు నాలుగు రోజులకు రంగు నల్లబడుతుంది. ఆ తర్వాత టార్చి వేసి చూస్తే ప్రతి గుడ్డులో రెండు కళ్లు కనిపిస్తాయి. ఆ కళ్లు వెండిలా మెరవడం మొదలైతే ఆ రాత్రో మర్నాటి రాత్రో పగులుతాయి. వేడిని బట్టి మొత్తం ఆరు నుంచి పది రోజులు. పగలడం ఎప్పుడూ చీకటి పడ్డాకే, లైటు ఆర్పిన గంట రెండు గంటల్లో.

మొదటి పద్ధతి: వెండి కళ్లు కనిపించిన సాయంత్రం కుండీని తీసి పిల్లల ట్యాంకులో పెట్టడం. పిల్లల ట్యాంకులో నీళ్లు పెద్ద ట్యాంకువే అయి ఉండాలి. నీళ్ల గిన్నెలోనే ముంచి తేవడం మంచిది. మగది విసిరే పని ఇప్పుడు మీది, కాబట్టి గుడ్ల పక్కన ఎయిర్ స్టోన్ పెట్టి బుడగలు వాటి పక్కగా పైకి వెళ్లేలా చూడాలి. బుడగలు నేరుగా తగలకూడదు, అలాగని గుడ్లు కదలకుండా కూడా ఉండకూడదు. గాలి తక్కువైతే గుడ్లు పగలవు, తెల్లబడి బూజు పడతాయి.

రెండో పద్ధతి: పగలనిచ్చి పట్టడం. ఆ సాయంత్రం పంపులు, ఫిల్టర్ ఆపేసి గదంతా చీకటి చేసి, ట్యాంకు ఒక మూల పైన చిన్న టార్చి పెడతారు. పిల్లలు వెలుగుకు వచ్చి చేరతాయి. వాటిని గ్లాసుతో ముంచి గానీ, సన్నని ఎయిర్ పైపుతో సైఫన్ చేసి గానీ తీస్తారు. వల వేయకూడదు. మూడు నాలుగు మిల్లీమీటర్ల పిల్ల గాలికి తగిలితే బతకదు.

రెండిటిలో మొదటిదే మేలు. కష్టం తక్కువ, పిల్లల నష్టం తక్కువ. కుండీలోకాక గోడమీదో రాతిమీదో పెట్టే మొండి జతకు మాత్రం రెండోదే గతి. పిల్లల్ని పెద్ద ట్యాంకులోనే వదిలేద్దాం అంటే మాత్రం ఫిల్టర్‌కో పెద్ద చేపలకో పెట్టినట్టే.

కొత్త జత మొదటి రెండు మూడు సార్లు పెట్టిన గుడ్లను తామే తినేయడం మామూలే. టెన్షన్ పడకండి. ఆ రెండు వారాలు మీకు రోటిఫర్ల బకెట్లు సిద్ధం చేసుకోవడానికి దొరికిన గడువు.

మేత: ఇక్కడే తేడా తెలిసేది

అప్పుడే పుట్టిన క్లౌన్ పిల్ల నోటికి ఆర్టీమియా పిల్ల కూడా పెద్దదే. పొదిగినప్పుడే అది దాదాపు అర మిల్లీమీటర్ ఉంటుంది. రోటిఫర్ దానిలో సగం కూడా ఉండదు, పైగా నెమ్మదిగా తిరుగుతుంది. అందుకే ఇంట్లో మొదటి వారం రోటిఫర్లకు దాదాపు ప్రత్యామ్నాయం లేదు. పొడి మేతతో మొదటి రోజు నుంచి పెంచగలమా అని అడుగుతారు, గుడ్డు పచ్చసొన వడకట్టి వేస్తే చాలదా అంటారు. అదంతా నీళ్లు పాడుచేసుకోవడమే. కదలని మేతను ఈ పిల్లలు దాదాపు పట్టించుకోవు.

కాబట్టి ఎంచుకోవాల్సింది రోటిఫర్లా కాదా అని కాదు, రోటిఫర్లకు ఏం తినిపిస్తారు అన్నది.

ఒక దారి, ఆల్గేను మీరే పెంచడం. నానోక్లోరోప్సిస్ అనే పచ్చటి సూక్ష్మ ఆల్గే విత్తనం తెచ్చి, ఎరువు ద్రావణం కలిపిన శుభ్రమైన ఉప్పునీళ్లలో లైటు కింద గాలి కొట్టిస్తే సీసాలు పచ్చబడతాయి. ఖర్చు తక్కువ, మేత తాజాగా ఉంటుంది. అయితే ఇది రెండో పెంపకం పెట్టుకోవడమే. చేతులు శుభ్రంగా లేకపోతే, ఒకే గొట్టాన్ని ఆల్గేలోనూ రోటిఫర్లలోనూ వాడితే, రోటిఫర్లు ఆల్గే సీసాలోకి పోయి రెండు రోజుల్లో నీళ్లు తేటబడతాయి. రొయ్య హేచరీల్లో పెంచే ఆల్గే తెచ్చుకుంటే సరిపోదా అనిపించొచ్చు. అక్కడ ఎక్కువగా పెంచేది కీటోసెరస్ లాంటి డయాటమ్లు, రొయ్య పిల్లలకు అవి మంచివి. రోటిఫర్ల ద్వారా చేప పిల్లలకు కొవ్వు పోషకాలు అందాలంటే నానోక్లోరోప్సిసే నమ్మకమైనది. ఐసోక్రైసిస్ అనే మరో ఆల్గే కూడా కలపగలిగితే ఇంకా మంచిది.

రెండో దారి, చిక్కటి ఆల్గే పేస్ట్ కొని ఫ్రిజ్‌లో పెట్టుకుని రోజూ కొద్దికొద్దిగా రోటిఫర్లకు వేయడం. డబ్బు ఎక్కువ, పని చాలా తక్కువ. బకెట్ నీళ్లు లేత ఆకుపచ్చగా ఉండేంత వేసి, ఆ రంగు పోతుంటే మళ్లీ వేయాలి. ఎక్కువేస్తే అడుగున కుళ్లి అమ్మోనియా పెరిగి బకెట్ ఒక్క రాత్రిలో చస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఒక్క జతతో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఈ దారే. ఆల్గే పెంచడం తర్వాత నేర్చుకోవచ్చు, పిల్లలు మాత్రం ఈ నెలలోనే పుడతాయి.

ఏ దారైనా రోటిఫర్ల బకెట్లు రెండు పెట్టండి, వేర్వేరు గదుల్లో అయితే మరీ మంచిది. ఒకటి ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. పోయిన రోజు పిల్లలు పుడితే రెండోదే దిక్కు. ఇరవై లీటర్ల తెల్ల బకెట్, మరీ గట్టిగా కాకుండా గాలి, సముద్రం కంటే కాస్త తక్కువ ఉప్పు. రోజూ పావు వంతు నీళ్లు 50 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి రోటిఫర్లు తీసుకుని, అంతే కొత్త నీళ్లు పోయాలి. బాగుందో లేదో చూడటానికి ఒక గాజు గ్లాసులో కొంచెం తీసి వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. దుమ్ము తిరుగుతున్నట్టు తెల్లటి చుక్కలు కదులుతూ కనిపించాలి. ఆ చుక్కలు అడుగున చేరి ఆగిపోతే బకెట్ చావుకు దగ్గరగా ఉన్నట్టు.

పిల్లల ట్యాంకు ఇరవై నుంచి నలభై లీటర్లు. మూడు వైపులా నల్ల కాగితం అంటించండి, లేకపోతే పిల్లలు వెలుగు వచ్చే గోడకు తలలు బాదుకుంటూ ఉంటాయి. నీళ్లలో కొంచెం ఆల్గే వేసి లేత పచ్చగా ఉంచితే వెలుగు చెదిరి మేత వాటి కంటికి బాగా ఆనుతుంది, ట్యాంకులోని రోటిఫర్లు కూడా ఆకలితో నీరసించవు. గాలి బుడగలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా ఉండాలి. ఒక మిల్లీలీటర్ నీళ్లలో పది దాకా రోటిఫర్లు ఎప్పుడూ ఉండాలి. పిల్ల కదిలిన ప్రతి చోటా మేత తగలాలి, వెతుక్కుని తినే ఓపిక దానికి లేదు. తిన్నదో లేదో చూడాలంటే భూతద్దం చాలు: పారదర్శకమైన ఒంట్లో పొట్ట నిండుగా, వెండిలా గుండ్రంగా కనిపిస్తే తిన్నట్టు.

అమ్మోనియా రెండో శత్రువు. ఫిల్టర్ పెట్టలేం కాబట్టి రోజూ అడుగున చెత్తను ఎయిర్ పైపుతో తీసి, తీసినన్ని నీళ్లు చుక్కలుచుక్కలుగా పోయాలి. అమ్మోనియా టెస్ట్ కిట్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఐదారు రోజులకు కొత్తగా పొదిగిన ఆర్టీమియా మొదలుపెట్టొచ్చు, రోటిఫర్లు ఆపకుండా. ఆర్టీమియా పొదిగిన గంటల్లోనే పెట్టండి. ఆగేకొద్దీ దాని పోషకాలు తరిగిపోతాయి, పైగా పెద్దదవుతుంది. ఆర్టీమియా గుడ్ల పెంకులు పడకూడదు, పిల్లల పేగుల్లో ఇరుక్కుంటాయి. ఎనిమిదో రోజు నుంచి రెండో వారం చివరిదాకా అవి రూపం మారే సమయం. గాజులా ఉన్న పిల్ల నారింజ రంగుకు తిరిగి, తలమీద మొదటి తెల్ల చార తేలుతుంది, నీళ్ల మధ్య ఈదడం మాని అడుగుకూ గోడలకూ చేరుతుంది. చావులు ఎక్కువగా ఉండేదీ ఇప్పుడే. ఆ రోజుల్లో నీళ్లు ఒక్కసారిగా మార్చకండి, లైటు గబుక్కున వేయకండి. భయపడిన పిల్ల ఒక్కసారి గిరగిర తిరిగి పడిపోతుంది. మేతలో మంచి కొవ్వులు తక్కువైనచోటే ఇది ఎక్కువ.

కరెంటు మాట మరవకండి. మన ఊళ్లలో ఎండాకాలం పోయే గంట కరెంటు పిల్లల ట్యాంకుకు చాలా పెద్ద గంట. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, లేదా పంపును ఇన్వర్టర్ లైనుకు కలపడం ఈ జాబితాలో మొదటి ఖర్చు కావాలి.

నెల దాటాక

చారలు వచ్చాక పొడి మేత మెల్లగా అలవాటు చేస్తూ నెలకు ఆర్టీమియా ఆపేయొచ్చు. అప్పుడు స్పాంజి ఫిల్టర్ పెట్టిన పెద్ద ట్యాంకుకు మార్చండి. ఇక్కడ కూడా ఒక ఎంపిక ఉంది: అన్నిటినీ ఒకే చోట ఉంచాలా, సైజును బట్టి విడదీయాలా? విడదీయండి. పెద్దవి చిన్నవాటిని మేత దగ్గరికి రానివ్వవు. రెక్కలు చిరిగి మూలల్లో నిలబడేవి కనిపిస్తే ఆలస్యమైందనే అర్థం. చారలు సగమే వచ్చిన పిల్లలు కొన్ని ఉంటాయి. వాటికి రోగమేమీ లేదు, చాలాసార్లు మొదటి వారాల మేత లోపమే కారణం.

మూడు నుంచి ఐదు నెలలకు అంగుళం దాటి, గుళికలు తినే పిల్లలే అమ్మకానికి సిద్ధం. అంతకు ముందు అడిగినా ఇవ్వకండి, మీ ట్యాంకు దాటితే తట్టుకోలేవు. ఇచ్చేటప్పుడు మీ ట్యాంకు ఉప్పు శాతం, మీరు వాడుతున్న మేత పేరు కాగితం మీద రాసి, వారానికి సరిపడా ఆ మేత పొట్లం కట్టి ఇవ్వండి. జత కోసం రెండు కొనేవాళ్లకు, తోబుట్టువులే జత కాకుండా, వేరే చోట పుట్టిన పిల్లను రెండోదిగా తీసుకోమని చెప్పండి.